సోమవారం సంతకాలు

కుట్టుగది,
మార్చి మొదటి వారం

డేగగారికి,

అక్క రాస్తున్నది. ఫ్యాక్టరీలో నిన్నందరూ డేగ అంటారని మరదలు చెప్పినప్పటి నుంచీ నిన్ను తమ్ముడూ అని పిలవాలంటే నాకు నోరు రావడం లేదు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని బడికి పోయినవాడివి. ఇప్పుడు నీ కంటి నుంచి వెంట్రుకవాసి లోపం కూడా తప్పించుకోలేదట. వినడానికి బాగానే ఉంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను చప్పుడు పక్కన కూర్చున్న చెవులు నావి. ఫోన్‌లో నువ్వొకటి చెబితే నాకు ఇంకొకటి వినపడుతుంది. మీ బావ మధ్యలో దూరి విడమరిచి చెబుతాడు. చివరికి నువ్వు ఫోన్ పెట్టేశాక మేమిద్దరం పోట్లాడుకుంటాం. ఉత్తరమైతే ఎవరి సాయమూ అక్కర్లేదు.

సంగతంటూ ఏమీ లేదు, ఊరికే రాస్తున్నాను. నాలుగేళ్ళ కిందట మార్పించుకున్న కుడి మోకాలు ఈమధ్య మెట్లు దిగేటప్పుడు టక్కుమంటోంది. సాయంత్రానికి కాస్త ఉబ్బుతోంది. మొన్న మీ బావ నా వెనకే దిగుతూ, "గోడగడియారం ఆగిపోయిందనుకున్నాను, నీ కాల్లోకి దూరిందా?" అన్నాడు. నవ్వాను గానీ, గది తలుపు వేసుకున్నాక మోకాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు కంగారుపడకు. ఆపరేషన్ రోజు నువ్వన్న మాట నాకు గుర్తుంది. నీ మోకాలి పెట్టె మా ఫ్యాక్టరీదే అక్కా, నా చేతిమీదుగా బయటికి వెళ్ళింది, ఇరవయ్యేళ్ళు నిన్ను పరుగెత్తిస్తుంది అన్నావు. ఆ మాట చెప్పుకుని వార్డులో ఎంత గొప్పలు పోయానో నీకు తెలియదు. పక్క మంచాలవాళ్ళవి మామూలు మోకాళ్ళు, నాది తమ్ముడి మోకాలు. అందుకే ఈ చప్పుడుకి కారణం వేరే ఏదో అయ్యుంటుంది. వయసు కావచ్చు.

మరదల్ని అడిగానని చెప్పు.

మీ అక్క

*

ఫ్యాక్టరీ క్యాంటీన్, భోజనాల వేళ,
మార్చి చివర

అక్కకి,

ఉత్తరం అందింది. డేగ అన్న పేరు నేను పెట్టుకున్నది కాదు, ప్యాకింగ్‌లో అమ్మాయిలు పెట్టారు. వాళ్ళకి నేనంటే భయమో గౌరవమో ఇంతవరకూ తేల్చుకోలేదు.

నీ మోకాలి సంగతి విడమరిచి చెబుతాను, అప్పుడు నీకే ధైర్యం వస్తుంది. తొడ ఎముక చివర ఒక లోహపు తొడుగు, కాలి ఎముక మీద ఒక లోహపు పళ్ళెం ఉంటాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యలో తెల్లటి ప్లాస్టిక్ పలక ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. నువ్వు వేసే ప్రతి అడుగు బరువూ మోసేది అదే. అది అరగదని కాదు, కానీ కాగితం మందాన అరగడానికే ఏళ్ళు పట్టాలి. నాలుగేళ్ళకి చప్పుడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఒకసారి డాక్టరుకి చూపించు.

పలకలు తయారుచేసేది వేరే విభాగం. వాటిని గాలి చొరబడని సంచిలో పెట్టి మూసి, పెట్టెలో సర్ది, ముద్ర కొట్టేదాకా నా బాధ్యత. అక్కడ పొరపాటు జరిగే వీలు లేదు.

ఇంకొక్క మాట. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో నీకో కార్డు ఇచ్చి ఉంటారు. దానికి అంటించిన చీటీ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఊరికే, నా తృప్తి కోసం, ఆ నంబరు రాసి పంపు. ఇక్కడ సంచుల గురించి ఏదో విచారణ నడుస్తోంది. అందరం పాత కాగితాలు వెతుక్కుంటూ ఊపిరి సలపకుండా ఉన్నాం. దానికీ నీకూ సంబంధం లేదులే.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

కుట్టుగది,
ఏప్రిల్ మధ్యలో

తమ్ముడూ,

నీ నంబరు ముందు తీసుకో. చీటీ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 7-3-1-8, ఆ తర్వాత ఒక గీత, 26. సరిపోయిందా?

ఇక డాక్టరు సంగతి. ఎక్స్‌రే తీశారు. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనబడదట. రెండు లోహాల మధ్య సందు కనబడుతుంది, దాన్ని బట్టి పలక ఎంత మిగిలిందో చెబుతారు. నా సందు ఒక పక్కన దాదాపు మూసుకుపోయింది. డాక్టరు ఆ ఫొటోని వెలుగుకి పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "నాలుగేళ్ళకి ఇలా అవ్వకూడదమ్మా. మీరు ఏం పని చేస్తారు?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పాను. కూర్చుని చేసే పనే, కుట్టుపని, మోటారు మిషను అన్నాను.

నిజం నీకొక్కడికే రాస్తున్నాను. ఆపరేషన్ తర్వాత మోటారు పెట్టించుకోమన్నారు కదా, పెట్టించుకున్నాను. ఏడాదిన్నర వాడాను. కాలు ఇలా ఆనించగానే సూది పరుగెత్తేది. కాలర్ మూల తిప్పేలోపు గుడ్డ చేతిలోంచి జారిపోయేది. యూనిఫాంలు ఒక ఎత్తు, పెళ్ళి బట్టలు ఒక ఎత్తు. పట్టుబట్ట మీద నా చేతి అదుపు పోయిందని ఒకావిడ ముఖం మీదే అనేసి బట్ట వెనక్కి తీసుకుపోయింది. ఆ రోజే మోటారు ఊడదీసి అటక మీద పడేశాను. అప్పటి నుంచి కాలితోనే తొక్కుతున్నాను, రెండేళ్ళు దాటింది. మీ బావ అడిగితే మోటారు రిపేరుకి ఇచ్చానన్నాను. రెండేళ్ళు పట్టే రిపేరు ఏమిటని ఆయన అడగలేదు, పాపం.

నీ చేతిమీదుగా వచ్చిన వస్తువుని నేను చేజేతులా పాడుచేసుకున్నాను. నువ్వు అంత ముచ్చటపడి చెప్పావు. నీకు ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక వారం రోజులు ఈ కాగితం దిండు కింద పెట్టుకున్నాను. నాలుగు చీవాట్లు పెట్టు, పడతాను.

అక్క

*

ఇల్లు,
మే నెల మూడో వారం

అక్కకి,

ఆలస్యంగా రాస్తున్నాను. పని ఎక్కువగా ఉంది.

నువ్వు రాసింది చదివి చాలా బాధపడ్డాను. డాక్టరు చెప్పిన మాట పెడచెవిన పెడితే ఏ వస్తువు మాత్రం నిలుస్తుంది? మిషను తొక్కేటప్పుడు మోకాలు నిమిషానికి ఎన్నిసార్లు మడిచి చాస్తావో ఎప్పుడైనా చూసుకున్నావా? రోజుకి ఆరేడు గంటలు, రెండేళ్ళు. ఎంత గట్టి ప్లాస్టిక్ అయినా దానికీ ఒక హద్దు ఉంటుంది. ఎవరో ఒకావిడ పట్టుబట్ట గురించి ఒక మాట అందని ఒళ్ళు పాడుచేసుకుంటారా? నీ వయసుకి ఇది తగిన పని కాదు.

డాక్టరుతో అబద్ధం చెప్పడం ఇంకా తప్పు. వెళ్ళి నిజం చెప్పు. ఇక నుంచి మిషను ముట్టుకోకు. అసలు ఇంట్లో ఉంటేనే నీకు చెయ్యి ఆగదు. ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇక్కడ సంచుల విచారణ ముగిసింది. అనుమానం ఉన్న బ్యాచ్‌ల జాబితా తయారుచేసి ఆసుపత్రులకి పంపారు. మా విభాగంలో నా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు. తనిఖీ విభాగం మొత్తం నాకే అప్పగించే మాట కూడా వినిపిస్తోంది.

ఒళ్ళు జాగ్రత్త.

తమ్ముడు

*

వంటింటి బల్ల దగ్గర,
జూన్ రెండో వారం

తమ్ముడికి,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. చదువుతుంటే తల తీసేసినట్టయింది. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడివి, నీ చేత చెప్పించుకునే స్థితికి వచ్చాను.

నువ్వు చెప్పినట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. మీ బావ పక్కనే ఉన్నాడు. మోటారు అటక మీద ఉందని ఆయనకి అక్కడే తెలిసింది. కుర్చీలోంచి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. డాక్టరు మీ కంపెనీ నుంచి వచ్చిన జాబితా తీసి, నా కార్డు పక్కన పెట్టుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు. మీ నంబరు ఇందులో లేదమ్మా, ఇది మీ వాడకం వల్లే అన్నాడు. నా ఫైలులో ‘సూచనలు పాటించలేదు’ అని రాసి కింద గీత గీశాడు. ఆ గీత ఎందుకో, రాస్తే చాలదా? ఆపరేషన్‌కి తొందర లేదట, కాలికి పని తగ్గించి ఆర్నెల్లు చూద్దామన్నాడు.

మిషను ఎదురింటావిడకి ఇచ్చేశాను. ఇద్దరు మనుషులు వచ్చి ఎత్తుకుపోతుంటే నేను వంటింట్లో ఉండిపోయాను. అది ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు మిగిలాయి. వచ్చిన కుట్టుపనులన్నీ వెనక్కి పంపేశాను. ఎందుకు మానేశావని అడిగితే కళ్ళు ఆనడం లేదని చెబుతున్నాను. నా తప్పే అని ఎంతమందికి చెప్పుకోను?

వారానికి మూడు రోజులు ఆసుపత్రి వ్యాయామం గదికి వెళ్తున్నాను. అక్కడ ఒక పోస్ట్‌మ్యాన్ పరిచయమయ్యాడు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆయనకీ నాలుగేళ్ళ కిందటే మార్చారు, ఆయనదీ అరిగిపోయింది. ఉద్యోగంలో నడిచిన నడక సరిపోక పార్కు చుట్టూ తిరిగి పాడుచేసుకున్నారని వాళ్ళ కోడలు రోజూ కేకలేస్తుందట. వ్యాయామం చేయించే అమ్మాయికి కూడా ఆయన క్షమాపణ చెబుతూనే ఉంటాడు. ఇద్దరం పక్కపక్కన కాళ్ళు చాచుకుని కూర్చుంటాం, మోకాళ్ళు చెడగొట్టుకున్నవాళ్ళ సంఘం అన్నమాట. నిన్న పొద్దుపోక కార్డులు మార్చుకుని చూసుకున్నాం. ఇద్దరి నంబరూ ఒకటే. కవలపిల్లలమని ఆయన ఒకటే నవ్వు.

నీ కంపెనీ ముందు నీ పరువు తీశాను. మనసులో పెట్టుకోకు.

అక్క

*

ఫ్యాక్టరీ,
జూన్ చివర

అక్కకి,

పోస్ట్‌మ్యాన్‌గారి కార్డు మీద నంబరు సరిగ్గా చూశావా? గీత తర్వాత 26 అనే ఉందా, లేక 25, 28 లాంటిది ఉందా? మళ్ళీ కలిసినప్పుడు ఒకసారి జాగ్రత్తగా చూసి రాయి. ఆయన డాక్టరు కూడా జాబితా చూశాడా? ఏమన్నాడు?

మిషను అంత తొందరపడి ఇచ్చేస్తావనుకోలేదు.

తమ్ముడు

*

వంటింటి బల్ల దగ్గర,
జూలై మొదట్లో

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు నంబరు గురించి రెండుసార్లు అడిగావు. మోకాలు ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.

ఇవ్వమన్నది నువ్వే. ఇస్తే తొందరపడ్డానంటున్నావు. నీ వాలకం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ గాజు జగ్గు పగలగొట్టి, ముక్కలు బియ్యం డబ్బాలో దాచి, అన్నం వండొద్దని పొద్దుటి నుంచీ నా కొంగు పట్టుకుని తిరిగావు. జగ్గు గురించి మాత్రం నోరు విప్పలేదు. ఇప్పుడూ అలాగే తిరుగుతున్నావు.

ఆయన నంబరు 26 అనే ఉంది. అద్దాలు పెట్టుకుని చూశాను. ఆ నంబరులో ఏముందో నాకు రాయి. నీళ్ళు నమలకుండా రాయి.

అక్క

*

ఇల్లు,
జూలై నెల మూడో వారం

అక్కా,

మూడు కాగితాలు చించేశాను. ఇది నాలుగోది. ఇది చించను.

నీ మోకాలు నువ్వు పాడుచేసుకోలేదు.

మొదటి నుంచీ చెబుతాను. పలకల్ని పెట్టే సంచులు మాకు పెద్ద చుట్టలుగా వస్తాయి. చూడటానికి ఒకే రేకులా ఉంటుంది గానీ అందులో నాలుగు పొరలుంటాయి. నాలుగో పొర గాలిని ఆపుతుంది. కొత్త చుట్ట విప్పిన ప్రతిసారీ చేతి వెడల్పున ఒక ముక్క కత్తిరించి, మందులో నానబెట్టి, పొరలు విడదీసి లెక్కపెట్టాలి. ముప్పావుగంట పని. రోజుకో చుట్ట. ఎప్పుడు చూసినా నాలుగే ఉండేవి. అందుకని సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ఆరు కాగితాల మీదా ‘తనిఖీ చేయబడినది’ అన్నచోట సంతకాలు పెట్టేసి ఆ పని మానేసేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు అని రాయబోయాను. నా సంగతి నేను చెప్పాలి. నేను పెట్టేవాణ్ణి.

డాబా మీద పడేసిన ప్లాస్టిక్ బకెట్టు కొన్నేళ్ళకి అంచు పట్టుకోగానే విరిగి చేతిలోకి వస్తుంది కదా. గాలి తగిలితే మా పలకా అంతే, లోపల్లోపల పెళుసుబారుతుంది. పైకి తెల్లగానే కనబడుతుంది. నీ పెట్టె ఆసుపత్రి బీరువాలో రెండేళ్ళుంది. అందులోంచి తీసిన రోజే అది చెడిపోయిన పలక.

నువ్వు ఏప్రిల్‌లో పంపిన నంబరు నా కాగితాల్లో వెతికాను. సంతకం నాది. ప్రతి బ్యాచ్‌లోంచి ఒక పెట్టె నమూనాల గదిలో దాస్తాం. మే నెలలో ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆ పెట్టె విప్పి, సంచి ముక్క కత్తిరించి నానబెట్టాను. మూడు పొరలే విడివడ్డాయి. నాలుగోది ఎక్కడైనా అంటుకుపోయిందేమోనని గోరుతో గీకి గీకి చూశాను. లేదు.

ఆ సాయంత్రమే నీకు మే నెల ఉత్తరం రాశాను. అక్కా, ఆ ముక్క నా చొక్కా జేబులో ఉండగానే, నీ వయసుకి తగిన పని కాదని రాశాను. నువ్వు మిషను తొక్కానని చెప్పుకోగానే నాకు దారి దొరికినట్టయింది. నీ తప్పుకింద నా తప్పు దాచేశాను. ఆ పలక మామూలుదైతే నువ్వు తొక్కినంత మాత్రాన అలా అయ్యేది కాదు.

ఇంకా చెప్పాలి. జాబితాలో నీ నంబరు ఎందుకు లేదో తెలుసా? తనిఖీ కాగితం లేని బ్యాచ్‌లనే జాబితాలో చేర్చారు. నీ బ్యాచ్‌కి కాగితం ఉంది, దాని మీద నా సంతకం ఉంది. నువ్వూ, ఆ పోస్ట్‌మ్యాన్‌గారూ, ఇంకా ఎంతమందో ఆ జాబితాకి బయట ఉన్నది నా మూలంగానే.

ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. డేగ అని పిలిచినప్పుడల్లా చచ్చిపోవాలనిపిస్తోంది. నీకే ముందు చెబుతున్నాను. ఏం చెయ్యమంటావు?

తమ్ముడు

*

వంటింటి బల్ల దగ్గర,
జూలై ఆఖరు

నీకు,

ఏం చెయ్యాలో నీకు తెలియకనా నన్ను అడుగుతున్నావు? చెప్పకపోయినా ఫరవాలేదులే అని నా చేత అనిపించుకుందామని అడిగావు. అనను.

సోమవారం సంతకాలు నిర్లక్ష్యం. నిర్లక్ష్యం నేనూ చేశాను. కాజాలు కుట్టకుండా యూనిఫాంలు పంపిన రోజులున్నాయి, పిల్లలు పిన్నీసులు పెట్టుకుని బడికి పోయారు. దానికి నిన్ను తిట్టి ఊరుకునేదాన్ని. మే నెల ఉత్తరం నిర్లక్ష్యం కాదు. కూర్చుని, ఆలోచించి, తెలిసి రాశావు. అది చదివి నేను మిషను ఇచ్చేశాను. మీ బావ ముందు దోషిలా నిలబడ్డాను. నీకు క్షమాపణ రాశాను చూడు, అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. నా చేత క్షమాపణ చెప్పించుకుని మడిచి దాచుకున్నావు.

ఈ మూడు నెలలూ ఎవరి ముఖమూ నేరుగా చూడలేదు. ఒకరింటికి పోలేదు. వ్యాయామం గదిలో ఆ పెద్దాయన సారీ అమ్మా, సారీ అమ్మా అంటుంటే నేనూ పక్కన తలదించుకుని కూర్చున్నాను. మమ్మల్నిద్దర్నీ అలా కూర్చోబెట్టింది నువ్వు.

డాక్టరు ఆర్నెల్లు ఆగమన్నాడని రాశాను. అరిగిన ప్లాస్టిక్ పొడి ఎముకని తినేస్తుందని ఆయనే చెప్పాడు. నువ్వు ఆలోచించుకుంటున్న ప్రతి రోజూ నా ఎముక అరుగుతోంది. ఆయనదీ అరుగుతోంది.

మీ పెద్దవాళ్ళ దగ్గరికి పోయి చెప్పు. చెప్పానని రాసేదాకా నాకు ఇంకేమీ రాయకు.

*

ఇల్లు,
ఆగస్టు చివర

అక్కా,

చెప్పాను.

మా క్వాలిటీ మేనేజరు ఒక పెద్దావిడ. ఆవిడ బల్ల మీద ఆ బ్యాచ్ కాగితమూ, సంచి ముక్కా పెట్టి, దారంతా కూడబలుక్కున్న మాటలు నాలుగైదు వాక్యాల్లో చెప్పేశాను. ఆవిడ సంచి ముక్కని వేళ్ళ మధ్య రుద్ది చూసింది. కేకలేస్తుందనుకున్నాను. "ఎన్ని సోమవారాలు?" అని మాత్రం అడిగింది.

"ఆరేళ్ళ సోమవారాలు" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అక్కా, నా జీవితంలో అంత సిగ్గుపడ్డ నిమిషం ఇంకొకటి లేదు.

నమూనాల గదిలో నా ఆరేళ్ళ పెట్టెలన్నీ బయటికి తీశారు. పదహారు రోజులు పరీక్షించారు. చాలావాటిలో నాలుగు పొరలూ ఉన్నాయి. రెండు వారాల సరుకులో మాత్రం మూడే. నాలుగు వందల పన్నెండు పెట్టెలు. జాబితా మార్చి ఆసుపత్రులన్నిటికీ మళ్ళీ పంపారు, నీ నంబరు మొదటి పేజీలోనే ఉంది. నా కళ్ళతో చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నన్ను తనిఖీ నుంచి తప్పించారు. ప్రస్తుతం గోదాములో ఖాళీ అట్టపెట్టెలు మడత పెడుతున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేల్చలేదు. ప్యాకింగ్ అమ్మాయిలు ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నారు. వాళ్ళ చేత్తో మూసిన సంచులు కదా అవి, వాళ్ళకీ తలవంపులు తెచ్చాను. మీ మరదలికీ చెప్పాను. మూడో రోజు, నేనే వెళ్ళి వదినగారి కాళ్ళు పట్టుకోనా అంది. నన్ను ఉత్తరమే రాయొద్దంది, నిన్ను కాళ్ళదాకా రానిస్తుందా అన్నాను.

నన్ను క్షమించగలవా?

తమ్ముడు

*

వంటింటి బల్ల దగ్గర,
సెప్టెంబరు చివర

తమ్ముడికి,

నోటీసు వచ్చింది. డాక్టరే కబురు పెట్టి పిలిపించాడు. ఫైలు తెరిచి, తను రాసిన మాట నా ఎదురుగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. నేను నోరు తెరవక ముందే మీ బావ, "ఆ కింద గీత కూడా కొట్టెయ్యండి" అన్నాడు. కొట్టేశాడు.

ఆపరేషన్ వచ్చే నెల పన్నెండో తేదీన. పలక ఒక్కటే మారుస్తారట, లోహం అలాగే ఉంచుతారట. కాకపోతే ఒక పక్కన ఎముక కొంత పోయింది, అక్కడ అతుకు వెయ్యాలి. మునుపటిలా పూర్తిగా మడవడం కష్టమని ముందే చెప్పాడు. మిషను వెనక్కి ఇస్తానని ఎదురింటావిడ రెండుసార్లు వచ్చింది. కాలు సంగతి తేలాక చూద్దామన్నాను.

క్షమించానా అని అడిగావు. ఇంకా లేదు. కోపం తగ్గింది. నీ గురించి సిగ్గుగా ఉంది, అది తగ్గలేదు. నీకు నడక నేర్పింది నేనే కాబట్టి ఆ సిగ్గులో నాకూ వాటా ఉందనిపిస్తోంది. అయినా ఆపరేషన్ తర్వాత నిన్ను చూడాలని ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నన్ను అడగకు, ఉన్నాయి.

నా కాళ్ళు పట్టుకోవడానికి రావద్దు. ఒకటి పనికిరాదు, రెండోది నొప్పిగా ఉంది. నీకు వేరే పని చెబుతాను.

పోస్ట్‌మ్యాన్‌కీ నోటీసు వచ్చింది. నేను చదివాను. ‘ప్యాకింగ్ ప్రమాణాలలో వ్యత్యాసం గుర్తించబడినందున’ అని ఉంది. ఎవరికి అర్థమవుతుంది? కోడలు అది చూసి, కంపెనీవాళ్ళు ఏదో ఒకటి రాస్తారు, మామయ్య తిరిగిన తిరుగుడు నేను కళ్ళారా చూశాను అందట. ఆయన కూడా అదే అంటున్నాడు, నేనే అమ్మా, రోజూ ఎనిమిది చుట్లు తిరిగాను అని. నీ తప్పు కాదని నేను ఎంత చెప్పినా, మంచిదానివి కాబట్టి అలా అంటున్నావంటాడు. నడక పూర్తిగా మానేశాడు. వరండాలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటున్నాడు. జీవితమంతా నడిచిన మనిషి.

నా మాట నమ్మడు. కంపెనీ మాట అర్థం కాదు. నువ్వు రాయి. నాకు రాసినట్టే, జేబులో ముక్కతో సహా రాయి. చిరునామా వెనక వైపు ఉంది.

అక్క

*

ఇల్లు,
అక్టోబరు మొదటి వారం

పోస్ట్‌మ్యాన్‌గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. వ్యాయామం గదిలో మీ పక్కన కూర్చునే కుట్టుపని ఆవిడకి తమ్ముణ్ణి. మీ మోకాల్లో ఉన్న ప్లాస్టిక్ పలకని సంచిలో పెట్టి పంపిన ఫ్యాక్టరీలో తనిఖీ చేసేవాణ్ణి.

ఆ సంచికి నాలుగు పొరలు ఉండాలి. మీ సంచికి మూడే ఉన్నాయి. లోపలికి గాలి పోయి, మీ కాల్లో పెట్టకముందే ఆ పలక పెళుసైపోయింది. సంచి పరీక్షించాల్సింది నేను. పరీక్షించకుండా, అంతా బాగుందని ముందే సంతకం పెట్టాను. ఆ సంగతి తెలిశాక కూడా రెండు నెలలకు పైగా ఎవరికీ చెప్పలేదు. నాలుగో పొర లేని సంచి ముక్క జేబులో పెట్టుకుని, మోకాలు పాడుచేసుకున్నావని మా అక్కనే తిట్టాను. ఆవిడ నమ్మింది. మీరూ మీ గురించి అలాగే నమ్ముతున్నారని విన్నాను.

పార్కు చుట్టూ మీరు తిరిగిన ఎనిమిది చుట్లు ఆ పలక మోయాల్సిన బరువే. మంచి పలక అయితే ఇరవయ్యేళ్ళు మోసేది. దాని మీద నడవడానికే మీకు ఆపరేషన్ చేశారు. డాక్టరు అనుమతించగానే మళ్ళీ నడవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఈ ఉత్తరం మీ కోడలుగారికి చూపించండి. ఆవిడ నన్ను అనదలుచుకున్నవన్నీ అనవచ్చు.

పన్నెండో తేదీన అక్క ఆపరేషన్‌కి వస్తున్నాను. మర్నాడు పొద్దున మీ ఇంటికి వస్తాను. లోపలికి రమ్మనక్కర్లేదు, గేటు బయటే నిలబడతాను. మీరు ఎక్కువ నడవలేదని మీ కోడలుగారితో నా నోటితో చెప్పి వెళ్ళిపోతాను.